కరువు లెక్కకెక్కని ఆకు

గండికోటను చూడబోయినవారు జామా మసీదు సమీపంలోని ధాన్యాగారాన్ని చూసే ఉంటారు. మందపాటి గోడలు, ఎత్తైన కప్పు. కోటలోనివారికి గింజల కొదవ రాకూడదన్న ముందుచూపు అది. ఆ కోటకు దిగువన జమ్మలమడుగు, పెన్న వెంట ఇంకా ముందుకు పోతే ప్రొద్దుటూరు, దక్షిణాన పులివెందుల. ఈ సీమలోని సామాన్యుల ఇండ్లలో మరొక గాదె ఉండేది. ఎండిన చింతచిగురు దాచుకున్న కుండ అది. చరిత్రకారులు దాని జోలికి పోలేదు.

చింత మనకెంత సొంతమైనా దాని పుట్టుక ఆఫ్రికా. అరబ్బులు దాని పండును 'తమర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరమన్నారు. (పులివెందుల పేరులోని పులి మాత్రం పులుపు కాదు, 'పులిమందల' నుండి వచ్చినదని అక్కడివారు చెబుతారు.) వేర్లు లోతుకు దిగే చెట్టు గనుక, చేలు మాడిన ఏడు సైతం చింత చిగురిస్తుంది. రాయలసీమకు దాని విలువంతా అక్కడే ఉన్నది.

వేసవిలో లేత చిగురు దూసి, ఈనెలు ఏరివేసి, నీడపట్టున ఆరబెడతారు. నేరుగా మిద్దెమీది ఎండకు వేస్తే రంగు వెలిసిపోతుంది. పట్టుకుంటే గలగలమన్న తరువాత అరచేతుల మధ్య నలిపి, తడి తగలని కుండలోనో జాడీలోనో పోసి మూతికి గుడ్డ కడతారు. ఉప్పు ముందే కలపరాదు, వానాకాలపు గాలికి చెమ్మ లాగుతుంది. బుట్టెడు ఆకు గుప్పెడవుతుంది గనుక పప్పులో వేసేటప్పుడు చేయి బిగబట్టాలి. విటమిన్ సి చాలావరకు పోతుంది కాని, టార్టారిక్ ఆమ్లం ఆవిరయ్యేది కాదు. అందుకే పులుపు నిలుస్తుంది. ఎండుమిరపకాయలు, నువ్వులు వేయించి దీనితో దంచిన పొడి సంగటిలోకి ఎంత బాగుంటుందో తిన్నవారికే తెలుసు.

ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో, వానలు తప్పి వచ్చినది ధాత కరువు. మద్రాసు రాజధానిలో కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్, సహాయపు పనులలోని మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలునన్నాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు! మద్రాసు పారిశుద్ధ్య కమీషనరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించాడు. రాళ్ళు మోసే దేహానికి ఆ గింజ చాలదని, పప్పూ కూరా తోడుండాలని ఆయన వాదన.

ఆ వివాదాన్ని చదివినప్పుడల్లా నాకు ఆ కుండే గుర్తుకొస్తుంది. టెంపుల్ తూకంలో ఆకుకు చోటు లేదు. పైగా ఇంటికి దూరాన ఉన్న పనికే పోవాలన్న నియమం. ఊరు విడిచినవాడు ఊరి చెట్టునూ ఇంటి కుండనూ విడిచే పోయి ఉంటాడని నా ఊహ. చిగురు కడుపు నింపదు, నిజమే. కాని చప్పటి గంజిని గొంతు దింపేందుకు చిటికెడు పులుపైనా కావాలి కదా.

ఎండుచిగురుకు మీ ప్రాంతాలలో వేరే పేరేదైనా ఉంటే తెలుపగలరు.