రచయిత హక్కు, పాఠకుడి వాటా

ఒకప్పుడు లండన్‌లో పుస్తకాల మీద పెత్తనమంతా ప్రచురణకర్తల సంఘానిదే. 1710లో అమలుకొచ్చిన ఆన్ రాణి చట్టం రచయితను హక్కుదారుగా గుర్తించింది. కొత్త పుస్తకానికి 14 ఏళ్లు, అప్పటికి రచయిత బతికుంటే మరో 14 ఏళ్లు రక్షణ. ఆ తర్వాత పుస్తకం అందరిదీ. హక్కు ఇస్తూనే హద్దు గీయడం ఆ చట్టం గొప్పదనం.

1886 నాటి బెర్న్ ఒప్పందం ఈ హక్కును దేశాల ఎల్లలు దాటించింది. 1908లో దాన్ని సవరించి, రిజిస్ట్రేషన్ వంటి లాంఛనాలు అక్కర్లేదన్నారు. ఇవాళ మీరు ఫోన్‌లో తీసిన ఫొటోకు కూడా తీసిన క్షణం నుంచే కాపీరైటు ఉంటుంది. కాపీరైటు గుర్తు వేయలేదు కదా అని ఎవరూ వాడేసుకోకూడదు.

మన 1957 చట్టం మొదట రచయిత మరణానంతరం 50 ఏళ్లు రక్షణనిచ్చింది. టాగూర్ 1941లో కన్నుమూశారు. 1991తో ఆయన రచనల గడువు తీరబోతుండగా దాన్ని 60 ఏళ్లకు పెంచారు. ఆ లెక్కన, 1915లో మరణించిన గురజాడ తన జీవితకాలంలో అచ్చువేసినవన్నీ నేడు అందరి సొత్తు. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు మాత్రం 2043 చివరిదాకా రక్షణ ఉంది. వాటిని స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పంచితే అది సాహిత్య సేవ అనిపించుకోదు. సొంత అధ్యయనానికీ, విమర్శకూ, సమీక్షకూ తగుమేరకు వాడుకునే వీలు 52వ సెక్షన్ ఎలాగూ ఇచ్చింది.

ఇంటర్నెట్ వచ్చాక కాపీకి ఖర్చు లేకుండా పోయింది. పంచుకోవాలనుకునే రచయితకు మాత్రం చట్టంలో సులువైన దారి లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ దారి వేసింది రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన జీపీఎల్ అనే లైసెన్సు. మిగతా రచనలకు 2002లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. వాటిలో బీవై అంటే కర్త పేరు చెప్పాలి. ఎస్ఏ అంటే మార్చి ప్రచురించినా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు.

ఈ ఉదారతతో తెలుగు ఎంతో బాగుపడింది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలు బీవై-ఎస్ఏ కింద అందరికీ అందుతున్నాయి. మండలి, గిడుగు, సూరన్న వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి కాబట్టే పైసా చెల్లించకుండా పుస్తకాలు అచ్చువేసుకుంటున్నాం.

ఇంత జరిగినా మన పత్రికల్లో బొమ్మల కింద “సౌజన్యం: ఇంటర్నెట్” అన్న మాట ఇంకా కనిపిస్తూనే ఉంది. అది ఎవరికీ చెందని సౌజన్యం. లైసెన్సు ఉన్న బొమ్మ వాడితే దాని పేరు, కర్త, దొరికిన చోటు, లైసెన్సు, ఈ నాలుగూ రాయండి. లైసెన్సు కనిపించకపోతే కర్తను అడగండి. మీ రచనను ఏ షరతులపై ఇస్తున్నారో మీరూ ఒక వాక్యంలో చెప్పండి. క్రియేటివ్ కామన్స్ కింద ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోలేరు కాబట్టి ఆలోచించి ఇవ్వండి, ఇచ్చాక మనస్ఫూర్తిగా పంచండి.