గోరు మీద యాక్రిలిక్ నిలిచేదెలా?

యాక్రిలిక్ గోళ్లు పెట్టించుకున్న పది రోజులకు గోటి మొదట్లో, క్యూటికల్ దగ్గర సన్నని తెల్లగీత ఒకటి కనిపిస్తుంది. గోరుకు, పైనున్న పూతకు మధ్య గాలి చేరిందనడానికి అదే గుర్తు. సరుకు మంచిది కాదని పెట్టించుకున్నవాళ్లు అంటారు. చేతులు నీళ్లలో ఎక్కువ నానాయని పార్లర్‌వాళ్లు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ గోళ్ల డెబ్భై ఏళ్ల చరిత్ర చూస్తే అసలు లోపం ఇంకోచోట ఉందనిపిస్తుంది. పూత లేచిన ప్రతిసారీ ఈ వృత్తి మరింత గట్టి పదార్థం, మరింత ఘాటు ప్రైమర్ (పూతకు ముందు గోరుకు రాసే ద్రవం) వెతుక్కుంది. జవాబు మాత్రం పూతలో లేదు, గోరును సిద్ధం చేసే పద్ధతిలో ఉంది.

ఈ పదార్థం పళ్ల వైద్యం నుంచి వచ్చింది. పొడి, ద్రవం కలిపి కట్టుడు పళ్లు పోసే యాక్రిలిక్ 1930ల్లో జర్మనీలో తయారైంది. 1954లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రాంతానికి చెందిన దంతవైద్యుడు ఫ్రెడ్ స్లాక్, పనిలో తన గోరు విరిగితే అదే యాక్రిలిక్‌తో దాన్ని సరిచేసుకున్నాడు. మరుసటి ఏడాది మైకేల్ బ్యూనోకోర్ అనే ఇంకో దంతవైద్యుడు, పంటి ఎనామిల్ మీద ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం రాస్తే యాక్రిలిక్ ఎంతో ఎక్కువ కాలం అతుక్కుని ఉంటుందని చూపించాడు. ఆయన మార్చింది అతికించే పదార్థాన్ని కాదు, అది అతుక్కునే ఉపరితలాన్ని. గోళ్ల పనికి కావలసిన పాఠం ఇదే. కానీ పార్లర్లకు ముందుగా చేరింది యాక్రిలిక్ ఒక్కటే, పాఠం చేరడానికి చాలా ఏళ్లు పట్టింది.

తొలినాళ్లలో వాడిన ద్రవం మిథైల్ మెథాక్రిలేట్. అది రాయిలా గట్టిపడేది, ధర కూడా తక్కువ. గోళ్లు దెబ్బతిన్నాయని, వంకర తిరిగాయని, చర్మం ఎర్రబడి మండిందని ఫిర్యాదులు రావడంతో 1970ల తొలి ఏళ్లలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ కోర్టుకు వెళ్లింది, కొన్ని సరుకులను మార్కెట్ నుంచి తీయించింది. 'ఆ గోళ్లు అసలు లేచేవే కావు కదా, మరి దాన్నెందుకు తప్పుబట్టడం?' అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, అవి నిలిచేవి. అయితే అవి పట్టి ఉండటానికి సహజమైన గోరును గరుకుగా అరగదీసి పలచన చేసేవారు. చెయ్యి తలుపుకు తగిలితే పూత విరగదు, ఊడదు. ఆ దెబ్బంతా కింద ఉన్న పలచని గోరు మీద పడి, అదే చిరుగుతుంది. చివరికి గోరునే చీల్చే గట్టిదనాన్ని మంచి పట్టు అనలేం.

దాని స్థానంలోకి వచ్చిన ఇథైల్ మెథాక్రిలేట్ కాస్త వంగుతుంది, అసిటోన్‌లో నానబెడితే కరుగుతుంది. 1979లో దంతవైద్యుడు స్టువర్ట్ నార్డ్‌స్ట్రామ్ ఈ వ్యాపారంలోకి వచ్చాడు, 1981లో ఓపీఐ అనే కంపెనీ వచ్చింది. ఈ రెండు వ్యాపారాలవీ దంతవైద్యంతో ముడిపడిన పుట్టుకలే. అప్పుడు పట్టు కోసం భారమంతా మెథాక్రిలిక్ ఆమ్లం ఉన్న ప్రైమర్ మీద పడింది. ఎనామిల్‌ను ఆమ్లం గరుకు చేసినట్టే గోరునూ చేస్తుందని చాలామంది నమ్మారు. కానీ ఎనామిల్ ఖనిజం, గోరు కెరాటిన్ అనే ప్రొటీన్. ఇక్కడ ప్రైమర్ ఒక చేత్తో కెరాటిన్‌ను, రెండో చేత్తో యాక్రిలిక్‌ను పట్టుకునే మధ్యవర్తి. ఆ పనికి పలచని పొర చాలు, రెండు మూడు పూతలు వేస్తే చర్మం కాలడమే మిగులుతుంది. ఇళ్లలో పసిపిల్లల చేతికి చిక్కి కాల్చిన ఘటనల తర్వాత, 5 శాతం మించి ఈ ఆమ్లమున్న ద్రవాలకు పిల్లలు తెరవలేని మూతలు ఉండాలని అమెరికా 1999లో నిబంధన పెట్టింది. రసాయనవేత్త డగ్లస్ షూన్ 1996లో గోరు నిర్మాణం మీద పుస్తకం రాశాడు. అప్పటికే వృత్తిలో మాట మారుతోంది: క్యూటికల్ నుంచి గోరు మీదికి పాకిన సన్నని చర్మపు పొరను తీసెయ్యాలి, జిడ్డు, తేమ పోగొట్టాలి, బ్రష్ మీద తీసుకున్న యాక్రిలిక్ ముద్ద మరీ జారుగా ఉండకూడదు. జారుగా ఉన్న ముద్ద చర్మం మీదికి పాకి అక్కడే గట్టిపడుతుంది. లేవడం అక్కడే మొదలవుతుంది.

ఇంత శ్రద్ధగా చేసినా గోరు పెరగక మానదు. గోరింటాకు పెట్టుకున్న కొన్ని వారాలకు గోటి మొదట్లో తెల్లని నెలవంక కనిపించడం మనకు తెలిసిందే. గోరు పెరిగేది నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు. గోరింటాకు రంగు కెరాటిన్‌లోనే ఇంకిపోతుంది కాబట్టి లేచే ప్రశ్నే లేదు. యాక్రిలిక్ పైన కూర్చున్న పలక. గోరుతోపాటు దాని బరువూ కొసవైపు జరిగి, దెబ్బ తగిలినప్పుడల్లా వెనక అంచును పైకి ఎత్తుతుంది. రెండు మూడు వారాలకోసారి ఫిల్ చేయించమనేది, అంటే పెరిగిన మేర మళ్లీ యాక్రిలిక్ నింపించమనేది అందుకే. ఇది డబ్బు గుంజే ఏర్పాటు కాదా అన్న అనుమానం న్యాయమైనదే, ఎందుకంటే రోజు కూలితో బతికే ఆడవాళ్లకు అది చిన్న ఖర్చేమీ కాదు. కానీ ఖర్చు తగ్గించాలంటే పొట్టి గోళ్లు దారి, ఘాటు ప్రైమర్ కాదు. పొట్టి గోటికి మీటలా ఎత్తే బలం తక్కువ. అంట్లకు రబ్బరు తొడుగులు వేసుకుంటే గోరు పదేపదే నీటికి ఉబ్బి మళ్లీ ఆరడమూ తగ్గుతుంది. లేచిన అంచును మాత్రం ఇంట్లో జిగురుతో మూసెయ్యకూడదు. లోపల చిక్కిన తేమలో సూడోమోనాస్ బ్యాక్టీరియా పెరిగి ఆకుపచ్చని మరక వేస్తుంది. ఫిల్ రోజున పనిమంతురాలు మొదట చేసేది ఊడిన ఆ కొంచెం మేరనే తెల్లగీత మాయమయ్యేదాకా మెల్లగా అరగదీయడం, తర్వాత గోరును పొడిగా తుడవడం. కొత్త ముద్ద కోసం బ్రష్ ముంచడం ఆ తర్వాతే.