అశ్వహృదయము – అక్షహృదయము

మదనపల్లెకు ఉత్తరముగా గుఱ్ఱముకొండ యను గిరిదుర్గ మొకటి కలదు. ఆ కోటను ఒక గుఱ్ఱము కాపాడుచుండెడిదనియు, అది కొండపై నున్నంతకాలము శత్రువునకు కోట వశము కాదనియు, తుదకొక మహారాష్ట్రుఁడు కొండ నెక్కి యా గుఱ్ఱమును తస్కరించుటచే కోట పడిపోయెననియు జనులు చెప్పుకొందురు. ఈ కథ నిజమా కాదా యను విచారణ మాకిప్పు డక్కఱలేదు. ఒక గుఱ్ఱముపై మనుష్యుల భాగ్యమంతయు నాధారపడి యుండునను నమ్మకము ఈ సీమలో నెంత వేళ్లూనినదో దీనివలనఁ దెలియుచున్నది. కోటలు పాడువడినవి, నమ్మకము మాత్రము పాడువడలేదు. ఇప్పుడది కొండ దిగివచ్చి పందెపుచీటిలోఁ గాపురముండుచున్నది.

కొంతకాలము క్రిందట మా పూర్వశిష్యుఁ డొకఁడు బెంగుళూరు గుఱ్ఱపుపందెముల పుస్తకమును చేతఁబట్టుకొని మా యింటికి వచ్చెను. తండ్రి టమాటా పండించు రైతు. "అయ్యవారూ, గుర్రాల సంగతి నాకు తెలుసు. ఈ ఇంగ్లీషు పొడి అక్షరాలే తెలీవు. అవి చెప్పండి చాలు" అని యడిగెను. మేము చదివి చెప్పితిమి. చెప్పుట తప్పా ఒప్పా యను సందేహము అప్పుడు కలుగలేదు. వాఁడు పోయిన తరువాతఁ గలిగినది. ఈ వ్యాసమునకు ఆ సందేహమే కారణము.

మన ధర్మశాస్త్రకారు లీవిషయమున మిక్కిలి సూక్ష్మదృష్టి గలవారు. ప్రాణము లేని పాచికలతో నాడునది ద్యూతమనియు, ప్రాణముగల జంతువులపైఁ బణమొడ్డునది సమాహ్వయమనియు మనువు తొమ్మిదవ యధ్యాయమున వేఱుపఱచి, రాజు రెంటిని దన రాజ్యమునుండి తొలఁగింపవలెనని విధించెను. యాజ్ఞవల్క్యుని మార్గము వేఱు. జూదపుశాల నడపు సభికుఁడు పెద్ద పందెములలో గెలుపునుండి నూటి కైదును, తక్కినవానినుండి నూటికిఁ బదియుఁ దీసికొని, రాజునకుఁ జేరవలసిన పాలు చెల్లింపవలెననియు, సమాహ్వయమునకును ఇదియే విధి యనియు నాతఁడు చెప్పెను. కౌటిల్యుఁడును ద్యూతాధ్యక్షుని నియమించి గెలుపులో నూటికైదు పుచ్చుకొనుమనెను. కాఁబట్టి, నిషేధింపవలెనా, పన్ను గొని సహింపవలెనా యను వాదము మనకుఁ గ్రొత్తది కాదు.

అయినను నేఁటి పందెము పాశ్చాత్యుల వెంట వచ్చినదే. చెన్నపట్టణమునందు గిండీలో 1777లోఁ బందెములు మొదలైనవి. మూఁడేండ్లు గడవకమునుపే, 1780లో, హైదరాలీ యాశ్వికదళము ఆ పట్టణపు శివార్లదాఁక వచ్చి కలవరపెట్టెను. ఆ హైదరు పుట్టినది కుప్పమునకు దూరము గాని కోలారు సీమలోని బూదికోటలో. చనిపోయినది 1782 డిసెంబరు 7వ తేదీని చిత్తూరు దగ్గఱ నరసింగరాయనిపేటలో. ఒకరికి గుఱ్ఱము వినోదము, మఱియొకరికి ఆయుధము. తుదకు ఆయుధము వినోదమున కోడిపోయెను. టిప్పు నాఁడు దండుగుఱ్ఱములను పెంచిన కుణిగలు శాలలోనే తరువాతి కాలమునఁ బందెపుగుఱ్ఱములు పుట్టినవి. హైదరాబాదులో 1868లో మౌలాలీయందు మొదలైన పందెములు 1886లో మలకుపేటకు మాఱినవి. ఇఁక మా ప్రాంతమున మైదానము లేకున్నను, కుప్పము మదరాసు–బెంగుళూరు ఇనుపదారిపై నున్నది. మదనపల్లె, పుంగనూరులనుండి బెంగుళూరు కొన్నిగంటల ప్రయాణము. పందెము మా యూరికి రాకున్నను, మా యూరి రూకలు పందెమునకుఁ బోవుట కడ్డమేమున్నది?

గెలుచు గుఱ్ఱమును ముందుగా నెన్నుట యెట్లు? మన పూర్వులు శాలిహోత్రాదుల గ్రంథముల ననుసరించి వన్నెలను, సుడులను, అవయవముల పొందికను జూచెడివారు. మనుమంచిభట్టు అశ్వలక్షణములను దెలుఁగు పద్యములలోఁ జెప్పెను. ఆంగ్లేయులు సుడులను విడిచి వంశమును, అంకెలను బట్టుకొనిరి. 1791లో వారు పందెపుగుఱ్ఱముల వంశావళిని అచ్చువేసిరి. 1855లో అడ్మిరల్ రౌస్ అను నాతఁడు గుఱ్ఱముల శక్తిని దూఁచి బరువులు నిర్ణయించు నధికారి యయ్యెను. ఆతని పద్ధతిని మా శిష్యుఁ డెఱుఁగఁడు గనుక ఇక్కడ విశదపఱుపవలసియున్నది. బలముగల గుఱ్ఱముపై నెక్కువ బరువు, బలహీనమైన దానిపైఁ దక్కువ బరువు మోపుదురు. గుఱ్ఱము లన్నియు నొక్కమాఱే గమ్యము చేరునట్లు చేయుటయే ఆయన తలంపు. అనఁగా, ఎన్నువాని జ్ఞానమును నిష్ఫలము చేయుటకే నేర్పరి యొకఁడు అచ్చటఁ గూర్చుండి యున్నాఁడు!

ఆ నేర్పరి కన్నుగప్పి మిగిలిన సందులనే పందెగాండ్రు వెదకుదురు. గడచిన పరుగులలో గుఱ్ఱ మెన్నవదిగా వచ్చెను, ఎంతదూరము దానికిఁ దగును, ఎవఁడు స్వారి చేయును, ఏ గడినుండి బయలుదేఱును, నేల గట్టిదా మెత్తనిదా యనునవి చూతురు. వీనిలో నేలసంగతి మిక్కిలి చంచలమైనది. హైదరాబాదు వర్షకాలపుఁ బందెములలో ఒక్కవాన లెక్కలన్నిటిని తాఱుమాఱు చేయఁగలదు. ఇంగ్లండులో శీతకాలపు మంచుచే పచ్చికనేల గడ్డకట్టి పందెములు నిలిచిపోవుచుండుటచే, లింగుఫీల్డులో 1989 అక్టోబరు 30వ తేదీని, ఇసుకకుఁ గృత్రిమపదార్థములు కలిపిన బాటపైఁ బందెములు నడపిరి. 2001లో మైనము, నూలుపోఁగులవంటి కృత్రిమతంతువులు కలిపిన మఱియొక బాట అక్కడనే వచ్చెను. వీనిని సర్వర్తు పందెము లనవచ్చును. ఇట్టి నేల దినదినమునకు మాఱుట తక్కువ. కావున నిన్నటి పరుగు నేఁటికిఁ గొంత మేలైన సాక్ష్యము. ముందుపరుగెత్తు గుఱ్ఱము వెనుకదానిమొగమున ఇసుక చిమ్మును గనుక, ఆ దెబ్బకుఁ బెదరు గుఱ్ఱమేదో కూడ నెఱుఁగవలెను. కాని ఈ బాటలు గుఱ్ఱములకొఱకు మాత్రమే పుట్టినవని తలంపరాదు. 1961లోఁ బందెపుటంగళ్లు చట్టబద్ధము లయినదాదిగా ఆ యంగళ్లకు శీతకాలమందును సరకు కావలసివచ్చెను. రైతు పంటకైనను ఋతువు కలదు. జూదమునకు ఋతువు లేకుండఁ జేసినారు.

మా శిష్యుఁడు రెండవమాఱు వచ్చినప్పుడు మేమొక నియమము పెట్టితిమి. రూపాయి యొడ్డక, పందెమునకు ముందు తన యెన్నికను నోటుపుస్తకమున వ్రాయవలెను. అయినపిమ్మట ఫలమును, నూఱురూపాయల కెంత వచ్చెడిదియో దానిని వ్రాయవలెను. వాఁడు తొమ్మిది పందెముల నెన్ని మూఁడింటిలో సరిగాఁ జెప్పెను. ఆ సంతోషముతోనే వచ్చెను. అది సామాన్యమైన నేర్పు కాదని మేమును మెచ్చితిమి. పిమ్మట లెక్క వేసితిమి. తొమ్మిదింటికి పెట్టుబడి 900 రూపాయలు. గెలిచిన మూఁడింట ఒక్కొక్కదానికి సుమారు 250 వంతున వచ్చెడిది 750. నేర్పు నెగ్గినది, 150 రూపాయలు పోయినవి. వాఁడు చాలసేపు ఆ కాగితమును జూచి, "అయితే గెలిచింది ఎవరయ్యవారూ?" అనెను.

ఆ ప్రశ్నకు సమాధానము పారిసులో నున్నది. 1860ల దశకమున జోసెఫ్ ఒల్లేరు అనువాఁ డొక పద్ధతి కల్పించెను. ఒడ్డినవారి సొమ్మంతయు నొకచోట రాశిపోసి, నడపువారి వంతును, ప్రభుత్వపు వంతును ముందుగాఁ దీసి, మిగిలినది గెలిచినవారికిఁ బంచుదురు. ఇందు మనము పోరాడునది గుఱ్ఱములతోఁ గాదు. తోడి పందెగాండ్ర యభిప్రాయములతో. మంచిగుఱ్ఱమని యందఱు నెఱిఁగినచో దానిపై వచ్చునది స్వల్పము. కావున మనకుఁ దెలిసినంత మాత్రమునఁ జాలదు, ఇతరులకుఁ దెలియకుండవలెను, అదియు, ముందు తీసిన వంతును మించునంతగాఁ దెలియకుండవలెను. యాజ్ఞవల్క్యుఁడు గెలుపులో నైదో పదియో కోరెను. 2017లో మనదేశమున పందెములపై నూటికి 28 పన్ను వచ్చెను. 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 అయినది. చెప్పినవాని మాట వినిపోవువారి సంగతి మఱియు దయనీయము. ఏమిపనియో యడుగకయే పోయివచ్చిన పుంగనూరు జవాను తన కాళ్లనొప్పితోఁ దప్పించుకొనెను. వీరికి ఇల్లే పోవును.

తమిళనాడు 1974లో గుఱ్ఱపుపందెములను రద్దుపఱుప శాసనము చేసెను. 1996 జనవరిలో సుప్రీముకోర్టు, గుఱ్ఱపుపందెమున గెలుపు ప్రధానముగా నైపుణ్యముపై నాధారపడునని తీర్పు చెప్పెను. తీర్పునెడ మాకు గౌరవము కలదు. వంశము, శిక్షణము, స్వారి అన్నియు నైపుణ్యములే. కాని నైపుణ్యమని న్యాయస్థాన మన్నంతమాత్రమున లాభమని గృహస్థుఁ డనుకొనరాదు. ఆంధ్రప్రదేశము 2020లోఁ దన జూదచట్టమును సవరించి ఇంటర్నెట్టు జూదములను నిషేధించెను. మనువు మార్గమునఁ గొంత, యాజ్ఞవల్క్యుని మార్గమునఁ గొంత నేఁటికిని నడచుచున్నాము. ఏ చట్టమైనను లెక్క తెలియని వానిని పూర్తిగా రక్షింపఁజాలదు.

ఇక్కడ నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చుచున్నది. నలుఁడు అశ్వహృదయ మెఱిఁగినవాఁడు. గుఱ్ఱములను గూర్చి యాతనికిఁ దెలియనిది లేదు. అయినను పుష్కరునితో జూదమాడి రాజ్యమును బోఁగొట్టుకొనెను. ఋతుపర్ణునకు సారథియై పోవునప్పుడు, ఆ రాజు త్రోవలోని తాండ్రచెట్టు నాకులను కాయలను లెక్కించి చెప్పఁగా, నలుఁడు నమ్మక రథమాపి, చెట్టు నఱికి యెంచిచూచెను. లెక్క సరిపోయెను. అప్పుడు ఋతుపర్ణునివలన అక్షహృదయమును గ్రహించెను. గ్రహించిన క్షణముననే కలి యాతని శరీరమును విడిచిపోయెను. పూర్వము పాచికలుగా వాడినవి ఆ తాండ్రకాయలే యని తెలిసినచో ఈ కథలోని మర్మము మఱింత స్పష్టమగును. గుఱ్ఱము నెఱుఁగుట యొకవిద్య, పణము నెఱుఁగుట మఱియొకవిద్య. మొదటిది మాత్రమే గలవానిని కలి విడువఁడు.

మా సీమలో జూదమున కలవాటుపడుటకుఁ గారణములు లేకపోలేదు. 2023 జూలైలో మదనపల్లె విపణిలో టమాటా కిలో 190 రూపాయలు దాఁటెను. సెప్టెంబరునాఁటికి నేలకు దిగెను. నాఱు పోసిననాఁడే పందె మొడ్డినవానికి గుఱ్ఱపుపందెము వింతగాఁ దోఁచునా? వానిని మూఢుఁడని తిట్టుటవలనఁ బ్రయోజనము లేదు. పాఠశాలలో వడ్డీలెక్కలతోఁబాటు సంభావ్యతను, పందెమునుండి తీయు వంతును గూడ బాలురకుఁ బలకపై వేసి చూపవలెను. ఆ పని మాది. ఇన్నాళ్లు మేము చేయలేదు. పొడియక్షరముల కర్థము చెప్పినవారము, లెక్కకూడ మొదటనే చెప్పియుండవలసినది.