యుద్ధకాలపు పల్లె బాల్యం (ఆలూరు ప్రాంతం)

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో (1939–45) ఆలూరు మద్రాసు ప్రావిన్సులోని బళ్ళారి జిల్లాకు చెందిన తాలూకా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. నల్లరేగడి, వానాధారపు సేద్యం, పత్తి, జొన్న, కొర్ర. పిల్లలకు బడి కన్నా గొర్రెల వెంట తిరగడం, చేలో కలుపు తీయడమే ఎక్కువ. యుద్ధం ఈ పల్లెలకు బాంబులుగా రాలేదు, కిరోసిన్, బట్టల కరువుగా వచ్చింది. 1942 మార్చిలో రంగూను జపాను చేతికి చిక్కాక బర్మా బియ్యం ఆగి, తిండిగింజల ధరలన్నీ పెరిగాయి.

అసలు దెబ్బ కొడుకులు సైన్యానికి వెళ్ళడంతో ఇంటి లోపల తగిలింది. నిర్బంధ చేరిక లేకుండానే భారత సైన్యం 25 లక్షలకు చేరింది. వానలు తప్పిన మెట్టపల్లెలో జీతం, మనీఆర్డరు ఎంత బలమైన పిలుపో సులువుగా ఊహించవచ్చు. 1920ల చివర రద్దయిన మద్రాసు రెజిమెంటును ఈ యుద్ధంలోనే మళ్ళీ నిలబెట్టారు. సిపాయి ఉత్తరంపై అతనున్న చోటు పేరు ఉండేది కాదు, ఫీల్డు పోస్టాఫీసు నంబరే ఉండేది. సెన్సారు చేయి పడిన ఆ కార్డును అయ్యవారు చదివిపెట్టినా, కొడుకు ఏ దేశంలో ఉన్నాడో అవ్వకు తెలిసే దారి లేదు. ఈ వేదనను చరిత్ర పుస్తకాలు తగినంతగా పట్టించుకోలేదు. బర్మాలో సమాధి దొరకని సుమారు 27,000 మంది పేర్లు, ఎక్కువగా భారతీయులవే, తౌక్యాన్‌లోని రంగూను స్మారకంపై ఉన్నాయి.

సైన్యానికి వెళ్ళడం ఈ మెట్టపల్లెలకే పరిమితం కాదు. కోస్తాలో పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం నుంచి ఈ యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్ళారు. దాన్ని మిలటరీ మాధవరం అంటారు.