చేసినోడికే బాగుచేసే హక్కు

ఈరోజు పంటల సంగతి కాదు, విమానం సంగతి రాస్తున్నా. ఇద్దరు కూర్చునే చిన్న విమానం, అదీ ఇంటి షెడ్డులో సొంత చేతులతో బిగించుకున్నది. అమెరికాలో వేలమంది ఇలాంటివి కట్టుకొని నడుపుతున్నారు. మనకెందుకంటారా? కాస్త ఓపిగ్గా చదవండి.

మిన్నెసోటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ అని ఒక చిన్న పల్లె. అక్కడ బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్ 1929లో ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజను తీసి, కర్రతో, గుడ్డతో చేసిన రెండు సీట్ల విమానానికి బిగించి ఎగరేశాడు. కారు ఇంజనుతో విమానం నడవదని ఒక పత్రిక సంపాదకుడు అంటుండేవాడు. ఈయన ఆయనతో వాదన పెట్టుకోలేదు. రెండు విమానాలు మినియాపోలిస్‌కి తీసుకెళ్ళి చూపించాడు. ఆ తర్వాత ఆ పత్రికే దాని ప్లాన్లు అచ్చేసింది.

తర్వాతి కాలంలో ఓరెగాన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ వచ్చాడు. రైతు బిడ్డ. వాళ్ళ పొలంలోనే విమానం దిగే గడ్డి దారి ఉండేది. 1973లో కంపెనీ పెట్టి విమానాన్ని విడిభాగాల కిట్‌గా అమ్మాడు. ఆర్‌వి-4లో ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి, ఆర్‌వి-6లో పక్కపక్కనే. అల్యూమినియం రేకులు, వేల రివెట్లు. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ సాయంత్రాలు బిగించుకుంటే ఏళ్ళు పడుతుంది. అయినా ఆ కంపెనీ కిట్లతో కట్టి ఎగరేసిన విమానాలు 11,000 దాటాయి.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడి రూలు ప్రకారం పనిలో సగానికి మించి సొంతంగా చేసుకోవాలి. దాన్నే 51 శాతం రూలు అంటారు. అలా కట్టినవాడు దరఖాస్తు పెట్టుకుంటే రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో ఏడాదికోసారి చేయాల్సిన తనిఖీ తనే చేసి సంతకం పెట్టొచ్చు. కానీ ఆ విమానాన్ని ఇంకొకరికి అమ్మితే ఆ సర్టిఫికెట్ కొన్నవాడికి రాదు. అంటే ఆ హక్కు డబ్బు పెట్టి కొన్నందుకు కాదు, లోపల ఏ బోల్టు ఎక్కడుందో తెలిసినందుకు ఇచ్చింది.

అలాగని అంతా బాగుందని చెప్పను. ఫ్యాక్టరీ విమానాల కంటే వీటికి ప్రమాదాలు ఎక్కువని అక్కడి ప్రభుత్వ ప్రమాదాల విచారణ సంస్థే 2012లో తేల్చింది. అందుకే కొత్త విమానాన్ని మొదట కొన్ని పదుల గంటలు జనం లేని చోట ఎగరేసి పరీక్షించాలి. 2023 చివర్లో ఆ కిట్ల కంపెనీ దివాలా రక్షణ కోరింది. అడ్వాన్సు కట్టినవాళ్ళు ముందు అనుకున్న ధర కంటే ఎక్కువ కట్టాల్సి వచ్చింది. 2024లో కంపెనీ మళ్ళీ నిలదొక్కుకుంది.

ఇక మన సంగతి. ఒకప్పుడు ఆయిలింజను మొరాయిస్తే గట్టు మీదే విప్పి సరిచేసుకున్నాం. ఇప్పుడు కొత్త ట్రాక్టరులో ఒక లైటు వెలిగితే షోరూమ్ మనిషి కంప్యూటరు పెట్టేదాకా చాలులో ఆగిపోవాలి. కోత రోజుల్లో ఒక్క రోజు ఆగితే ఎంత నష్టమో మీకు చెప్పనక్కర్లేదు. ఆకాశంలో ఎగిరే యంత్రానికే, పని తెలిసినవాడికి సంతకం చేసే హక్కు ఇచ్చారు. నేల మీద నడిచే మన ట్రాక్టరుకు ఆ హక్కు అడగడం తప్పా? ఈసారి ట్రాక్టరు కొనేవాళ్ళు ధరతో పాటు, రిపేరు పుస్తకం ఇస్తారా, బయటి మెకానిక్ ముట్టుకుంటే వారంటీ పోతుందా అని కూడా అడగండి.