ప్రొద్దుటూరు: తిజారత్ కట్టిన షహర్

ప్రొద్దుటూరును మన వైపు జనం 'రెండో బొంబాయి' అంటారు. మురిపెంగా అనే మాటే అయినా, అందులో పెద్ద తారీఖే ఉంది. కడపకు నవాబుల పేరుంది, పెద్ద దర్గా ఉంది, కలెక్టరు కచేరీ ఉంది. గండికోటకు, సిద్ధవటానికి కిల్లాలున్నాయి. ప్రొద్దుటూరుకు ఇవేవీ లేవు. ఏ సుల్తానూ దాన్ని రాజధాని చేసుకోలేదు. అయినా జిల్లాలో కడప తర్వాత పెద్ద షహర్ అదే. 2011 జనాభా లెక్కల నాటికే లక్షా అరవై వేలు దాటింది. హుకూమత్ కట్టని ఊరిని కట్టిందెవరు? ఈ సవాల్‌కు జవాబ్ వెతుకుతూ పోతే మన ఇళ్ల కథ కూడా బయటికొస్తుంది.

ముందు పెన్నా సంగతి చూద్దాం. గండికోట లోయలోంచి బయటపడి, జమ్మలమడుగు పక్కగా పారి, ప్రొద్దుటూరును తాకుతూ పోతుంది. ఏటి పొడవునా నల్లరేగడి. నల్లరేగడి ఉన్నచోట పత్తి, జొన్న, శనగ ఉంటాయి. 1650 ప్రాంతంలో గోల్కొండ వజీర్ మీర్ జుమ్లా గండికోటను గెలిచాడు. 1652లో ఫ్రెంచి జవాహరాత్ సౌదాగర్ టావెర్నియర్ ఆయన్ను వెతుక్కుంటూ ఆ కిల్లాకే వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు సరుకు అమ్మాలంటే ముందు మీర్ జుమ్లాకు చూపించాల్సిందే మరి. ఆ వజీర్ కూడా వజ్రాల తిజారత్‌లో ఎదిగి వచ్చినవాడే. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు వెలవడానికి చాలాముందే ఈ ఏటి ఒడ్డున నగల బేరం నడిచిందన్నమాట.

తర్వాత హుకూమత్‌లు చేతులు మారుతూ పోయాయి. కుతుబ్‌షాహీల తర్వాత మొగలులు, వాళ్ల వెనక కడప మయానా నవాబులు, ఆ పైన హైదర్ అలీ. 1792 సంధితో ఈ సీమ నిజాంకు పోయింది. 1800లో నిజాం దాన్ని కుంపిణీకి రాసిచ్చాడు. అప్పటినుంచి 'దత్త మండలాలు' అన్నారు. పైన జెండాలు మారుతుంటే కింద రైతు పత్తి తీస్తూనే ఉన్నాడు, దూదేకులాయన దూది ఏకుతూనే ఉన్నాడు, సాలెవాళ్లు మగ్గం నేస్తూనే ఉన్నారు, కోమటి శెట్టి లెక్క రాస్తూనే ఉన్నాడు. ప్రొద్దుటూరు కట్టింది ఈ నలుగురి మెహనత్.

ఈ నలుగురిలో దూదేకులాయన మనవాడు. విల్లుతో దూదిని చెదరగొట్టి మెత్తగా చేసి ఇస్తే తప్ప ఏకులు లేవు, ఏకులు లేకుంటే నూలు లేదు, నూలు లేకుంటే మగ్గం లేదు. అంత అవసరమైన హునర్ అది. అయినా 'పింజారి' అన్న పనిపేరును లోకం తిట్టు చేసేసింది. పత్తి బజారు వల్ల పేరొచ్చిన షహర్‌లో ఆ లఫ్జ్ ఇప్పటికీ తిట్టుగా వినబడితే ఎంత బాధ! మన పిల్లలు ఆ మాట విన్నప్పుడు తల దించుకోకుండా ఉండాలంటే, అది ఏ పని పేరో, ఆ పని మీద ఎన్ని ఇళ్ల పొయ్యిలు వెలిగాయో వాళ్లకు మనమే చెప్పాలి.

పత్తికి తోడు నీలిమందు. కుంపిణీ జమానాలో మద్రాసు ప్రెసిడెన్సీ నీలికి కడప జిల్లా పెద్ద ఠికానా. ప్రొద్దుటూరు బజారులో పత్తి, నీలి రెండూ చేతులు మారేవి. 1897లో జర్మనీ కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన నీలిని బజారులోకి దించింది. ఆ దెబ్బకు చెట్టు నీలికి గిరాకీ పోయింది, తొట్లు ఎండిపోయాయి. ఒక్క పంట మీదే నిలబడి ఉంటే ఊరు అప్పుడే చితికిపోయేది. ప్రొద్దుటూరు సౌదాగర్లు పత్తి మిల్లులకు, వేరుశనగ నూనెకు, పప్పులకు, గుడ్డలకు, చివరికి బంగారానికి మళ్లారు.

రైలు విషయంలోనూ ఈ ఊరి నసీబ్ అంతే. మద్రాసు నుంచి, బొంబాయి నుంచి వేసుకొచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి ఎర్రగుంట్ల మీదుగా పోయింది గాని పెన్నా దాటి ప్రొద్దుటూరుకు రాలేదు. నంద్యాల–ఎర్రగుంట్ల లైను మీద ప్యాసింజరు బండి తిరగడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 'రెండో బొంబాయి' పేరు తెచ్చుకున్నది ఎడ్లబండ్ల మీద, లారీల మీద.

ఇక సోనా సంగతి. 1963 జనవరిలో కేంద్రం బంగారం కంట్రోల్ తెచ్చి, 14 క్యారెట్లు మించి కొత్త నగ చేయకూడదంది. దేశమంతా కంసాలుల రోజీ మీద దెబ్బ పడింది. 1968లో దాన్నే పూర్తి చట్టం చేశారు, 1990లో ఎత్తేశారు. అలాంటి కానూన్‌లను కూడా తట్టుకొని నిలిచిన బజారిది. పులివెందుల వైపు చీనీ తోటల రైతయినా, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల పనివాడైనా, ఇంట్లో షాదీ కుదిరితే ప్రొద్దుటూరు బాట పట్టాల్సిందే. మెహర్ కింద ఇచ్చే తులం బంగారమూ, దసరాకు అమ్మవారిశాలలో మెరిసే బంగారమూ ఒకే వీధిలోంచి వస్తాయి. 2021 నుంచి హాల్‌మార్క్ ముద్ర తప్పనిసరి అయింది. అంతకుముందు ముద్ర ఒక్కటే: దుకాణందారు మీద ఎతబార్.

ఆ ఎతబార్ ఏ జబాన్‌లో నడిచిందో గమనించండి. బజారు, దుకాణం, జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, కిస్తు, జామీను, దలాలీ. వీటిలో ఒక్కటీ అచ్చ తెలుగు కాదు, కానీ ఒక్కటి తీసేసినా తెలుగువాడి లెక్క పుస్తకం నడవదు. బంగారం బేరగాణ్ని తెలుగులో 'షరాబు' అంటారు. అది అరబీ 'సర్రాఫ్'. 1820లో కడపకు కొలువుకొచ్చిన బ్రౌన్ దొర కచేరీలో, బజారులో ఇలాంటి మాటలు విని విని, 1852లో వీటికోసం 'జిల్లా డిక్షనరీ' అచ్చువేయించాడు.

నేను చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగులో. రెండు జబాన్‌ల మధ్య గోడ ఉందని చెప్పేవాళ్లు రెండు వైపులా తగిలారు. వాళ్లకు నా జవాబ్ ప్రొద్దుటూరు శెట్టిగారి ఖాతా పుస్తకమే. శెట్టిగారు 'బాకీ వసూలు' అని రాసుకున్నప్పుడు అది ఎవరి మాటని ఆలోచించలేదు. మనం ఎక్కణ్ణుంచో వచ్చి ఈ ఊళ్లో బాడుగకు ఉన్నవాళ్లం కాదు, ఈ ఊరి లెక్కలో మొదటినుంచీ జమ అయినవాళ్లం.

అందుకే చదివేవాళ్లకు ఒక దరఖాస్తు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో మీ తాత ముత్తాతల ట్రంకు పెట్టెల్లో పాత ఖాతాలు, రసీదులు, ప్రామిసరీ నోట్లు, నికానామాలు ఉంటాయి. ఇల్లు సర్దేటప్పుడు వాటిని పాత కాగితాల బండికి వేయకండి. కనీసం ఫోన్‌లో ఫోటో తీసి, ఎవరివో, ఏ సాలువో రాసిపెట్టుకోండి. కిల్లా ఉన్న ఊరి తారీఖ్‌ను రాళ్లు చెబుతాయి. ఇలాంటి బజారు ఊరి తారీఖ్‌కు మాత్రం ఆ కాగితాలే గవాహీ.