బీజాపూర్ రోడ్డు మర్రివరస

మొయినాబాద్‌లో బస్సు దిగారు కదా, ఆటో ఎక్కకండి. చేవెళ్ల వైపు నడుద్దాం. పొద్దున ఏడు కాలేదు, అప్పుడే టిప్పర్లు మొదలయ్యాయి. రోడ్డంచున కనిపిస్తున్నది కాలిబాట కాదు. బస్సుకు దారివ్వడానికి బైకులవాళ్లు తారు దిగీ దిగీ పడ్డ గాడి. నడవడానికి ఉన్నది అదొక్కటే. కుడివైపుకు రండి, ఎదురొచ్చే బండి కంటికి కనబడుతుంది. వెనక నుంచి వచ్చేదాన్ని నమ్మలేం.

ఫంక్షన్ హాళ్లు, ప్లాట్ల బోర్డులు దాటేదాకా నెత్తిన ఎండే. ఆ తర్వాత ఉన్నట్టుండి ఒళ్లు చల్లబడుతుంది. తలెత్తి చూడండి. రెండు వైపుల మర్రులూ రోడ్డు మీద కలిశాయి. కలిసినచోట అడుగుభాగం కొలత పెట్టి కోసినట్టు చదునుగా ఉంది. అది తోటమాలి పని కాదు. గడ్డి లారీలూ కంటెయినర్లూ ఏళ్లతరబడి రాసుకుంటూ పోయి చేసిన కోత. తారు మీదికి దిగాల్సిన ఊడలన్నీ ఆ ఎత్తులోనే తెగి, చివర్లు పాత చీపురు కుచ్చుల్లా చిట్లిపోయాయి. పొలం వైపు దిగినవాటికి మాత్రం నేల దొరికింది. అవి లావెక్కి, ఏది మొదలో ఏది ఊడో తెలియకుండా అయ్యాయి.

దగ్గరికి రండి. ఈ మొదలు మీద సున్నం పట్టీ, దాని మీద జాజు పట్టీ. పైన నాలుగు మేకులు. రెండింటికి ఫామ్ ప్లాట్ల రేకు బోర్డు వేలాడుతోంది, మిగతా రెండింటికి ఏమీ లేదు, తుప్పు ఒక్కటే. మేకు చుట్టూ బెరడు పెదవిలా ఉబ్బి దాన్ని సగం మింగేసింది. అవతలి చెట్టు అడుగు నల్లగా ఉంది, ఎవరో చెత్త కుప్ప పోసి అంటుబెట్టారు. చెత్త తగలెయ్యాలనో, చెట్టునే తగలెయ్యాలనో.

కాలికింద పటపటమంటున్నవి మర్రిపండ్లు. ఒకటి తీసి గోటితో చీల్చండి. మనం పండంటున్నాం గానీ ఇది లోపలికి ముడుచుకున్న పూల గుత్తి. లోపలికి సందు ఒక్కటే. ఆ సందులో దూరి పుప్పొడి చేరవేసేది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని ఒక చిన్న కందిరీగ. మర్రిని నమ్ముకునే దాని బతుకు. రెక్కలొచ్చాక బతికేది ఒకటి రెండు రోజులు. ఆలోపల ఇంకో మర్రి సరిగ్గా అదునులో ఉన్న కాయలతో దొరకాలి. అందుకే మర్రులన్నీ ఒకేసారి కాయవు, ఒకటి ఇప్పుడు, ఒకటి నెలకు. గోరువంకలకూ కోకిలలకూ గబ్బిలాలకూ ఏదో ఒక చెట్టు మీద ఎప్పుడూ మేత ఉండేది అందువల్లే. కాబట్టి ఎవరైనా “నాలుగు చెట్లు పోతే ఏమైంది” అన్నప్పుడు నా అభ్యంతరం ఆ నాలుగింటి గురించే కాదు. ఇది వరస. వరసగానే బతుకుతుంది.

అదిగో, ఆ నీడలో సంచి పరిచి టమాటలు, బెండకాయలు కుప్పలు పోసుకున్న పెద్దమ్మను చూడండి. బేరం చేయకండి, పొద్దుటి బోణీ. చెట్ల మాట ఎత్తితే ఆమె ఏమంటుందో వినండి.

“చెట్లు ఉండాలె బిడ్డా, గీ నీడ లేకపోతె నా కూరగాయ పది గంటలకే వాడిపోతది. మరి రోడ్డు గూడ గావాలె. నా మన్మడు దినాం గీ రోడ్డు మీదనే పోతడు. ఇంటికొచ్చేదాంక నా పానం పానంల ఉండది.”

ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి, గమనించారా? రోడ్డు కావాలన్నవాళ్లు ఒక గుంపు, చెట్లు కావాలన్నవాళ్లు ఒక గుంపు అని ఊరిని నిలువునా చీల్చిందెవరో నాకు తెలియదు గానీ, ఇక్కడ ఉండేవాళ్లం కాదు.

సంగతి క్లుప్తంగా చెబుతాను, నడుస్తూనే వినండి. పోలీసు అకాడమీ దగ్గరి అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల ముక్కను నాలుగు వరసలు చేయాలన్నది జాతీయ రహదారుల సంస్థ పథకం. కాగితాల మీద 163వ నంబరు జాతీయ రహదారి, మన నోట్లో ఇప్పటికీ బీజాపూర్ రోడ్డే. దీనికి రెండు వైపులా తొమ్మిది వందలకు పైగా మర్రులున్నాయి. నిజాం కాలంలో పెట్టినవని పెద్దలు చెబుతారు. పర్యావరణ నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేసేటప్పుడు పొడవు 100 కిలోమీటర్లు దాటితేనే ముందస్తు పర్యావరణ అనుమతి. మనది 46. అంటే పర్యావరణ అనుమతి అడగకుండానే పని మొదలెట్టొచ్చు. హైదరాబాద్ నుంచి ప్రకృతి ప్రేమికులు వచ్చి, చెట్టు చెట్టుకూ కొలత తీసి, ఫొటో తీసి, ఉన్నచోటును మ్యాపులో గుర్తించుకున్నారు. ఆ లెక్కతోనే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచికి వెళ్లారు. ఏళ్లు గడిచాయి. చెట్ల మీద చేయి పడకుండా ట్రిబ్యునల్ ఆపింది, పర్యావరణ ప్రభావ అధ్యయనం చేయమంది. చివరికి నక్షా మారింది. ఎక్కువ మర్రులు ఉన్నచోటే ఉంటాయి, కొన్నిటిని తవ్వి తరలిస్తారు. 2025 అక్టోబరు ఆఖర్లో రోడ్డు పనికి అడ్డు తొలగింది.

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. మార్చిన నక్షా గీయడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? ఉన్న వరసను అలాగే ఉంచి, కొత్త రోడ్డును పక్కనున్న పొలంలోంచి తీసి, మర్రులనే డివైడరుగా వదలమని మనుషులు మొదటి నుంచీ మొత్తుకున్నారు. ఇంజనీరింగు చదవక్కర్లేని ఆలోచన. చెట్టును ముందు అడ్డంకి ఖాతాలో రాసుకుని తర్వాత రోడ్డు గీశారు గనుకే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఆలస్యం చెట్టుది కాదు, మొదటి గీతది.

నెమ్మదిగా. ఈ వంపు దగ్గర ఆగుదాం. చూడండి, ఆ బస్సు టిప్పర్‌ను దాటబోయి మళ్లీ వెనక్కి తగ్గింది. మీ షర్టు ఆ గాలికి ఎగిరింది కదూ? ఈ రోడ్డు ప్రమాదాన్ని కాదనే హక్కు నాకు లేదు. 2024 డిసెంబరులో ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయి, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే కూరుకుపోయారు. 19 మంది చనిపోయారు. అందులో ఒకే ఇంటి అక్కచెల్లెళ్లు ముగ్గురు.

ఆ సాయంత్రానికే “చెట్ల కోసం కోర్టుకెక్కినవాళ్లే చంపారు” అన్న మాట మొదలైంది. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఆ మాట అంటే తల వంచుకుని వింటాను. కడుపుకోతకు లాజిక్కు చెప్పకూడదు. టీవీల్లో అన్నవాళ్లను మాత్రం అడుగుతాను. కంకర బండి నిండా ఎంత బరువు ఎక్కించారో అడిగారా? ఇరుకు రోడ్డని తెలిసీ ఇన్నేళ్లలో టిప్పర్లకు వేళలు పెట్టమని అడిగారా? గుంతలు పూడ్చడానికీ, అంచున మొరం పోసి గట్టి చేయడానికీ ఏ ట్రిబ్యునల్ అడ్డుపడింది? మర్రిని బోనులో నిలబెట్టడం తేలిక. వకీలును పెట్టుకోదు.

పాలమూరు పిల్లలమర్రి గుర్తుందా? 2018లో దానికి చెదలు పడితే కొమ్మకొమ్మకూ సెలైన్ సీసాలు కట్టి, బొట్టు బొట్టుగా మందెక్కించారు. దేశమంతా ముచ్చటపడింది. ఆ మర్రీ ఇదే జాతి. దాని చుట్టూ పార్కుంది, దీని పక్కనుంచి హైవే పోతోంది, అంతే తేడా.

సరే, కొన్నిటిని తరలిస్తారు. మర్రి మొండిది, కొమ్మ విరిచి పాతినా చిగురేస్తుంది, కాబట్టి బతకొచ్చు. కానీ తరలింపు ఎలా ఉంటుందో తెలుసుకోండి. కొమ్మలన్నీ నరికి బోడి మొద్దు చేస్తారు, చుట్టూ వేళ్లు కోసి మట్టిముద్దతో లేపి క్రేనుతో ట్రైలర్ ఎక్కిస్తారు. కొత్త గుంతలో దించాక నీళ్లు పెట్టాలి, ఒక నెల కాదు, ఎండాకాలాలు దాటించాలి. పెద్దమ్మ మీద ఇప్పుడు పడుతున్న నీడ తిరిగి వచ్చేనాటికి ఆమె ఉండదు.

అందుకని మేం అడిగేది చిన్నది. తరలించే ప్రతి మర్రి నంబరూ, వెళ్లే చోటూ, గుంత తవ్వే తేదీ, నీళ్లు పోసే కాంట్రాక్టరు పేరూ, ఎన్నేళ్లు పోయాలో, బతకకపోతే బిల్లు ఆపుతారో లేదో తెలుగులో రాసి తహసీల్ ఆఫీసు గోడకు అంటించండి. ఉండిపోయే చెట్ల చుట్టూ తారు ఎంత దూరంలో ఆగాలో సున్నంతో గీత గీసి చూపండి, రోలర్ వచ్చాక కాదు, రాకముందు. ఆ గీత లోపల మట్టి తవ్వితే ఆపమని చెప్పడానికి ఊళ్లో మనిషికి ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. రేకు బోర్డుల మీద ప్లాట్లవాళ్ల నంబర్లున్నాయి గదా, దీనికీ ఒకటుండొచ్చు.

చేవెళ్ల ఇంకా దూరం. కాళ్లు లాగుతుంటే బస్సుకు చెయ్యెత్తుదాం, స్టేజీ కాకపోయినా ఆపుతారు. గాడిలో నుంచి మాత్రం ముందుకు రాకండి.